ఆవుకని అడిగిన దండలు

మా పెళ్లికి ముహూర్తం పెట్టింది పంతులు కాదు, మా నాన్న పార్టీ నాయకుడి పర్యటన. ఆ రోజు పలాసలో సభ. నాన్న తెల్లబట్టలు వేసుకుని పొద్దున్నే వెళ్లాడంటే పొద్దుపోయేదాకా ఇంటి మొహం చూడడు. ఇంతకంటే మంచి రోజు దొరకదని నేనూ, ఇప్పుడు మా ఆయన అయిన ఆ మనిషీ తెగ మురిసిపోయాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

పూండిలో ఆటో ఎక్కి టెక్కలి చేరేసరికి మా ఆయన గుడి మెట్ల మీద బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. సంచిలో తాళి ఉంది, కొత్త బట్టలున్నాయి, అక్షింతలున్నాయి.

"దండలేవీ?" అన్నాను.

"ఊరంతా తిరిగినాను. ఒక్క పువ్వు నేదు. అన్నీ పలాస ఎలిపోనాయట."

నమ్మక నేనే వెళ్లాను. పూలకొట్టు ఆమె ఖాళీ బుట్ట బోర్లించి చూపించింది. "బంతి, సామంతి, లిల్లీ, అన్నీ సభకి పట్టుకెలిపోనారమ్మా. ఉద్దానం బాబొకాయన వారం ముందే సెప్పి పెట్టేసినాడు. రేపు రా, కట్టిత్తాను."

మా ఉద్దానం వైపు నుంచి సభ పనులు చూసే ఆ బాబు ఎవరో నాకు వేరే చెప్పాలా? మా నాన్నే. ఒళ్లు మండిపోయింది. ఆయనకి తీరిక లేని రోజని మేం ఎంచుకుంటే, ఆ రోజే చుట్టుపక్కల ఎక్కడా పువ్వన్నది లేకుండా చేశాడు.

పువ్వులదేముంది, మనసులు కలిస్తే చాలదా అంటారు కొందరు. అనండి, మీకేం! ఇంట్లోంచి వెళ్లిపోయి పెళ్లి చేసుకునేవాళ్లకి దండలు సింగారం కాదు. మాకు మేళం లేదు, శుభలేఖ లేదు, పెద్దలు లేరు. మెడలో దండలున్న ఫొటో ఒక్కటే సాక్ష్యం. పోలీస్ స్టేషన్లో చూపించాల్సింది అదే, రిజిస్ట్రారు ఆఫీసులో పెట్టాల్సింది అదే. అది లేకపోతే సాయంత్రానికల్లా నాన్న మనుషులు నన్ను కారెక్కించి ఇంటికి తీసుకుపోతారు. ఆ పైన ఆయన తెచ్చిన సంబంధానికి తల వంచాల్సిందే. పంతులు కూడా పట్టుబట్టాడు. "దండలు మార్సకుండా పెళ్లేటమ్మా? రేపు మీ వోళ్లొచ్చి అడిగితే నానేటి సెప్పను?"

మా ఆయనేమో పక్కింటి గోడ మీది మందారాలు కోసుకొస్తానంటాడు! "మందారాలూ వద్దు, నీ మొహమూ వద్దు. మీ అప్పకి ఫోన్ చెయ్," అని కసిరాను.

వాళ్లక్క పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. ఆ రోజు పనులాపించి, ఆడవాళ్లందర్నీ ఆటోల్లో సభకి తోలుకుపోయారు. ఫోన్లో ఆమె గొంతు మైకులని మించి వినిపించింది. "ఓలమ్మో, ఇక్కడ దండలకేటి కరువు! మెడలో ఏసినవి ఏసినట్టే తీసి టేజీ ఎనకాల పడేత్తన్నారు."

స్టేజీ వెనక నిలబడింది ఎవరనుకున్నారు? మా నాన్నే. ఆయన ఎవరో ఆమెకి తెలుసు, ఆమె ఎవరో ఆయనకి తెలీదు. "బాబూ, రెండు దండలిప్పించండి, మా ఆవుకి పెట్టుకుంటాను," అందట. నాన్న నలిగినవి కాలితో పక్కకి నెట్టి, మంచివి రెండు ఏరి చేతికిచ్చాడట. "పట్టుకెల్లమ్మా, ఆవు తింటే పున్నెం," అన్నాడట.

వాటిని సంచిలో పెట్టుకుని ఆమె బస్సెక్కి టెక్కలి వచ్చేసింది. అలా వచ్చాయి మా పెళ్లి దండలు. ఇంకొకడి మెడలోంచి తీసినవి, అత్తరు కంపు కొడుతున్నవి, మోకాళ్ల దాకా వేలాడేవి. జీవితంలో ఒక్కసారి వేసుకునే దండ కూడా నాకు కొత్తది దక్కలేదు. ఏడుపు దిగమింగుకుని వేసుకున్నాను. ఫొటో దిగి, దండలు తీయకుండానే స్టేషన్‌కి వెళ్లాం. సాయంత్రం నాన్న వచ్చాడు. ఎస్సై ఫోన్‌లో ఫొటో చూపించాడు. నాన్న మా మెడల్లోని దండల వైపు చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

మళ్లీ ఆయన మాట వినబడింది ఏళ్లు గడిచాక, మొన్న, మందసలో బంధువుల పెళ్లి పందిట్లో. ఎదురుపడ్డాడు. ఎలా ఉన్నావని అడగలేదు.

"ఆవుకని నా సేత్తో ఇచ్చిన దండలు నా కూతురు మెడలో సూసినాను. ఒక్క మాట సెప్తే కొత్తయి కట్టించి పంపకపోదునా?"

ఇన్నేళ్ల కోపం గొంతులోకి వచ్చేసింది. "రెండేళ్లు సెప్పినాను గదా నాన్నా. అన్నం కాడ సెప్పినాను, కాళ్లట్టుకుని సెప్పినాను. నానడిగింది దండలా?"

లోపల దండలు మార్చుకునే వేళైందని ఎవరో కేకేశారు. పెద్దమనిషి కదా, పెళ్లికూతురి చేతికి దండ అందించడానికి నాన్న వెళ్లాడు.