రెండో పేజీ

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అన్నానని కంగారు పడకండి, గుండె మీద బండరాయి స్థాయిది కాదు. మామిడిపండు తిన్నాక పంటి సందున పీచు ఇరుక్కుంటుంది చూడండి, ఆ స్థాయిది. తినొచ్చు, నవ్వొచ్చు, ఆఫీసు మీటింగుల్లో తల ఊపొచ్చు. నాలుక మాత్రం పదే పదే అక్కడికే పోతుంది.

ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరనుకోండి. నలుగురిలో జోకులేసేవాణ్ణి పట్టుకుని నీ మనసులో ఏముందని ఎవరూ అడగరు. ఇప్పుడు మీకు చెబుతున్నాను, అదీ తెలుగులో. నిజానికి ఇది చెప్పాల్సిన ఇద్దరికీ తెలుగు రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. దీన్ని ధైర్యం అనొచ్చా? అనకూడదేమో. సరే, విషయానికొస్తాను.

మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు క్లేటన్‌లో ఉండేవాణ్ణి. మూడు గదుల ఇంట్లో ఏడుగురం. దగ్గర్లోనే మందుల షాపు పైన ఒక ట్యూషన్ సెంటర్ ఉండేది. నిటారు మెట్లెక్కి వెళ్లాలి. చైనా నుంచి వచ్చి ఇక్కడి స్కూళ్లలో చేరిన పిల్లలకు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం నేర్పుతారక్కడ. ఒక పేజీ ప్యాసేజీ, దాని కింద పది ప్రశ్నలు. ఓనరూ చైనా ఆయనే, మెత్తని మనిషి. శని, ఆదివారాలకు టీచర్ కావాలన్నాడు. నన్ను తీసుకున్నారని చెప్పగానే నెల్లూరు రూమ్మేటు గరిటె గాల్లోనే ఆపేశాడు.

"నువ్వు ఇంగ్లీషు చెప్తావా? రేయ్, పుట్టినకాడి నుంచి ఒక్క ప్యాసేజీ అన్నా చదివినావా?"

"చదవలా. అందుకేగా మార్కులొచ్చింది."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ అది జోకు కాదు. బెజవాడ హాస్టల్ కాలేజీలో మా ఇంగ్లీషు సారు నేర్పింది అదే. ప్యాసేజీ చదివితే టైము దండగ. ముందు ప్రశ్న చూడు. అందులో ముఖ్యమైన మాట పట్టు. ఆ మాట ప్యాసేజీలో ఎక్కడుందో వెతుకు. ఆ వాక్యాన్ని ఎత్తి జవాబులో దించు. అలా ఎత్తి దించుతూ నేను సముద్రం దాటాను. వీసా కోసం రాసిన పరీక్ష కూడా అలాగే గట్టెక్కింది. నాకు పనిచేసింది కాబట్టి అది చదువే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక నాకు తెలిసిందల్లా అదొక్కటే కాబట్టి దానికి చదువని పేరు పెట్టానా?

పిల్లలకు అదే నేర్పాను. ప్రశ్నలో మాట చుట్టూ సున్నా, ప్యాసేజీలో అదే మాట చుట్టూ ఇంకో సున్నా, రెంటికీ మధ్య గీత. తేదీలు, అంకెలు, పేర్లు ముందు పట్టాలి. ఫోన్లో టైమర్ పెట్టేవాణ్ణి. మార్కులు పెరిగాయి. తల్లిదండ్రులు నారింజపళ్లు తెచ్చిచ్చేవాళ్లు. తిన్నాను.

క్లాసులో ఒకమ్మాయి ఉండేది. లిన్ అందాం, అసలు పేరు రాయను. పదమూడేళ్లు. ఆమె ప్యాసేజీ మొత్తం చదివేది. పెదవులు కదుపుతూ, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా. టైమర్ మోగేసరికి ఎప్పుడూ మూడు ప్రశ్నలు మిగిలిపోయేవి. ఒకరోజు ప్యాసేజీలో ఒక ముసలాయన, ఆయన పాత పడవ. లిన్ చెయ్యెత్తి, అందరూ అడిగినా ఆయన పడవ ఎందుకు అమ్మలేదు టీచర్, అంది. నాకు తెలియదు. నేను చదవలేదు. ప్రశ్నలు మాత్రమే చూసి వచ్చాను.

"అది పది ప్రశ్నల్లో లేదుగా," అన్నాను. "పదకొండోది నువ్వే కలిపావా?"

క్లాసంతా నవ్వింది. మంచి టైమింగ్, నాకు నేనే మెచ్చుకున్నాను. ఆ తర్వాత లిన్ చెయ్యెత్తలేదు. నెల తిరిగేసరికి పదికి పది. పెదవులు కదపడం కూడా మానేసింది. రిపోర్టులో "అద్భుతమైన ప్రగతి" అని రాశాను.

అప్పుడు ఆ ఉత్తరం వచ్చింది.

వాళ్లింట్లో ఇంగ్లీషు చదవగలిగేది లిన్ ఒక్కతే. అమ్మ ఒక రెస్టారెంటు వంటింట్లో రోజంతా నిలబడి పనిచేసేది. తుంటి కీలు అరిగిపోయింది. ఆపరేషన్ కోసం ఏడాదికి పైగా ఎదురుచూశాక గవర్నమెంటు హాస్పిటల్ నుంచి రెండు పేజీల ఉత్తరం వచ్చింది. మొదటి పేజీలో తేదీ, సమయం, ఏ అంతస్తుకు రావాలి, ఏమేం తెచ్చుకోవాలి. లిన్ వాటి చుట్టూ సున్నాలు చుట్టింది. రెండో పేజీలో, వస్తున్నట్టు ఫలానా రోజులోగా ఫోన్ చేసి చెప్పకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని ఉంది. అక్కడ అంకెలు లావుగా లేవు. తల్లీకూతుళ్లు సంచీలో చెప్పులు, తువ్వాలు సర్దుకుని చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్లారు. అప్పటికే ఆ చోటులో ఇంకొకరున్నారు. మళ్లీ వరుసలోకి వెళ్లమన్నారు. ఇదంతా నాకు తర్వాత ఓనర్ చెప్పాడు.

ఆ శనివారం ఇద్దరూ సెంటర్‌కు వచ్చారు. వాళ్లమ్మ మెట్లెక్కుతున్న చప్పుడు ముందు వినిపించింది. ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు. పైకి చేరేసరికి ఆమె మొహం తడిసిపోయింది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. ఓనర్ లేచి కుర్చీ వేశాడు. లిన్ ఇంగ్లీషులో మాట్లాడింది. నేను తెలుగులో పెడుతున్నాను.

"టీచర్, హాస్పిటల్ లెటర్‌లో కీవర్డ్స్ వెతికాను. డేట్ దొరికింది. టైమ్ దొరికింది. మీరు చెప్పినట్టే చేశాను. కానీ రెండో పేజీలో..."

"నేను చెప్పినట్టా?" మాట పూర్తి కానివ్వలేదు. ఓనర్ వింటున్నాడు. "లెటరంటే మొత్తం చదవాలి లిన్. చివరిదాకా చదవమని క్లాసులో ఎన్నిసార్లు చెప్పాను! నువ్వు అజాగ్రత్తగా ఉండి నన్నంటే ఎలా? మీ అమ్మకు చెప్పు. సరిగ్గా నేనన్నట్టే చెప్పు."

ఒక్కసారి కూడా చెప్పలేదు. అది నాకు తెలుసు, లిన్‌కు తెలుసు.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. టైమర్ పెట్టినప్పుడు ప్రశ్న వైపు చూస్తుందే, అలా. తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. నేను అంతసేపు మాట్లాడాను. లిన్ చెప్పింది ఒక్క ముక్క. వాళ్లమ్మ నాకు తల వంచి దణ్ణంలాంటిది పెట్టింది. థాంక్యూ అంది. ఆమెకొచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. మళ్లీ మెట్లు. ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు.

వాళ్లు వెళ్లాక ఓనర్ నెమ్మదిగా అన్నాడు, వాళ్లు నిన్ను అనడానికి రాలేదయ్యా అని. లిన్ వాళ్లమ్మ ముందే ఆయనకు ఫోన్ చేసిందట. టీచర్‌కు ఇంగ్లీషు బాగా వచ్చు కదా, హాస్పిటల్‌కు ఒక్క ఫోన్ చేసి మా తరఫున మాట్లాడతారా అని అడగడానికి ఆ మెట్లెక్కింది. నేను "లెటర్", "మీరు చెప్పినట్టే" అన్న రెండు మాటల చుట్టూ సున్నాలు చుట్టుకుని జవాబు దించేశాను.

అప్పుడైనా చేయొచ్చు. పది నిమిషాల ఫోను. చేయలేదు. ఎందుకు? సిగ్గా, భయమా, బద్ధకమా? ఎన్నిసార్లు తవ్వినా ఏదీ తగలడం లేదు. ఏడుపొస్తే బాగుండేదేమో, అదీ రాలేదు. ఆ పూట రెండింటికి ఇంకో క్లాసు ఉంటే వెళ్లి చెప్పాను. అదే పద్ధతి. లిన్ మళ్లీ రాలేదు. సెమిస్టర్ అయ్యాక నేనూ మానేశాను. పిల్లలంతా సంతకాలు పెట్టి "బెస్ట్ టీచర్" అని కార్డిచ్చారు. ఎక్కడో ఉంది.

ఆ రోజు లిన్ వాళ్లమ్మతో ఏం చెప్పింది? పక్కనే ఉన్న ఓనర్‌కు అర్థమయ్యే ఉంటుంది, ఆయన్ను అడగలేదు. తప్పు నాదేనని ఒప్పేసుకుందా? టీచర్‌కు కుదరదట అందా? నన్ను కాపాడిందా, అమ్మ మనసును కాపాడిందా? నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండును. కానీ కూతురు తిట్టిన మొహానికి ఏ తల్లీ అలా తల వంచదు. చైనా భాషలో ప్యాసేజీ, కింద ఒకే ఒక్క ప్రశ్న. ఎక్కడని వెతకను?

ఇప్పుడు కాన్‌బెర్రాలో, గంగాలిన్‌లో ఉంటున్నాను. కాంట్రాక్టు ఉద్యోగం, ట్రామ్‌లో రాకపోకలు. పోయిన వారం నాకే కంటి క్లినిక్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తేదీ, సమయం, చోటు చూసుకుని ఫ్రిజ్‌కు అయస్కాంతంతో అంటించాను. మూడో రోజు పాలు తీస్తుంటే అది జారి బోర్లా పడింది. వెనక ఇంకో పేజీ ఉంది. ఆ రోజు కారు నడపకూడదట, తోడు ఒకరిని తెచ్చుకోవాలట. ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి అక్కడే నిలబడ్డాను. కాసేపటికి తలుపు వెయ్యమని ఫ్రిజ్ కీచుమని మొత్తుకుంది. మా ఇద్దరిలో గట్టిగా మొత్తుకున్నది అదొక్కటే.

ఆ సాయంత్రం పాత ఫైళ్లలో వెతికితే పడవ ప్యాసేజీ దొరికింది. మొదటి మాట నుంచి చదివాను. ముసలాయన పడవ ఎందుకు అమ్మలేదో చివరి పేరాలో ఉంది. ఇక్కడ రాయను. అది అడిగింది మీరు కాదు.

లిన్ వాళ్లమ్మకు ఆపరేషన్ ఎప్పుడైందో, అసలైందో లేదో నాకు తెలియదు. కనుక్కోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ దగ్గర ఉండే వస్తువు కాదు. చెప్పాను, అంతే. పీచు ఊడలేదు గానీ నాలుకకు కాస్త తెరిపి. మీరు సున్నాలు చుట్టకుండా ఇక్కడిదాకా వచ్చారంటే, నేను నేర్పిన చదువు మీకు అంటలేదన్నమాట. ఆ పిల్లకూ అంటేది కాదు. నేను పట్టుబట్టి అంటించాను.