కుట్టు లోపలి వైపు

కుట్టుమిషను మీది గుడ్డ తీయకముందు స్వరూప రోజూ ఒక పని చేస్తుంది. ఫోను చేతిలోకి తీసుకుని, తుపాకుల ఆటలో ఒక ఖాళీ గోడ ముందు నిలబడి దాన్ని కాలుస్తుంది. ఎదుట శత్రువు ఉండడు, పక్కన తోడూ ఉండరు. తూటా మచ్చలు ఎక్కడ పడ్డాయో చూసుకుని మళ్లీ కాలుస్తుంది.

మాదన్నపేట కూరగాయల మార్కెట్టు వెనక గల్లీలో ఆమె జాకెట్లు కుడుతుంది. ఇంటి ముందుగదే దుకాణం. తల్లి మాణిక్యమ్మ మార్కెట్టులో ఆకుకూరలు అమ్ముతుంది.

"పొద్దుగాల్నే గోడను కాలుస్తది నా బిడ్డ. వంటింటి గోడకు సున్నమెయ్యమంటె మాత్రం చేతులు గుంజుతయ్," అంటుంది ఆమె పక్క కొట్టువాళ్లతో.

ఆ ఆటలో తుపాకీ పేలుతున్నకొద్దీ గురి దానంతటదే పైకి లేస్తుంది. లేచినంతా బొటనవేలితో కిందికి లాగుతూ ఉండాలి. మొదట్లో స్వరూప మచ్చలు గోడ మీద చిక్కుడుతీగలా పైకి పాకేవి. అవి పిడికిలంత చోటులోకి రావడానికి రెండేళ్లు పట్టింది. చెమటకు వేలు జారకుండా సన్నటి సాగే గుడ్డతో బొటనవేళ్లకు తొడుగులు కూడా తనే కుట్టుకుంది. వాటి కుట్టు గోరు వైపుకే రావాలి. ఫోను అద్దానికి ఆనే లోపలి మెత్తటి వైపుకు వస్తే వేలు జరగకుండా పట్టేస్తుంది.

అన్న నగేష్ బస్సు డిపోలో మెకానిక్. అతని పెళ్లయి సంతోష్‌నగర్ నుంచి వీణ ఇంటికొచ్చింది. వయసులో స్వరూపకన్నా చిన్న, వరసకు వదిన. కొత్తింట్లో తోచక ఆడపడుచు పక్కన కూర్చుని ఆట చూసేది. ఫోను చేతికిచ్చి నేర్పింది స్వరూపే. తొడుగులు కూడా కుట్టిచ్చింది.

"నాకు పెండ్లామొచ్చిందో, నీకు దోస్తొచ్చిందో సమజైతలేదు," అనేవాడు నగేష్.

ఎండాకాలం దాటేసరికి వీణ మచ్చలు కూడా అంతే దగ్గరగా పడసాగాయి.

"గిది గంత కష్టమేం గాదు స్వరూపా. గుంజుతుంటె అదే వస్తది," అంది వీణ ఒకరోజు చాయ్ తాగుతూ.

ఆ మాట స్వరూపను రోజంతా వదలలేదు. ఆ రోజు ఒకే జాకెట్టు చెయ్యి రెండుసార్లు విప్పి కుట్టింది. వదినకు తెల్లారే లేవడం లేదు, గోడ లేదు. అన్నం దించి, చేతులు తుడుచుకుని, అందరి మధ్యా కబుర్లాడుతూనే గురి చూసి కొట్టేస్తుంది. స్వరూప ఆమె వేలినే చూస్తూ కూర్చునేది. ఒకే ఒక్క లోపం దొరికింది. కంగారు పడితే వీణ అవసరానికి మించి లాగుతుంది, గురి ఎదుటివాడి కాళ్ల దగ్గరికి జారిపోతుంది. చెబితే కొన్నాళ్లలో పోయే లోపమది. స్వరూప చెప్పలేదు.

స్టీలు సామాన్ల వ్యాపారి మనవరాలు పూజిత గల్లీ ఆడపిల్లలతో పోటీలకు జట్టు కట్టింది. నలుగురు కావాలి, ముగ్గురు కుదిరారు. మిగిలింది అందరికన్నా ముందు శత్రువుల్లోకి దూరే మనిషి చోటు. ఇన్నాళ్లూ స్వరూప గోడ ముందు నిలబడింది ఆ చోటు కోసమే.

"నువ్వే అనుకున్న అక్కా," అంది పూజిత. "గని మీ వదిన ఆట చూసిన, మస్తుగున్నది. ఆదివారం మీరిద్దరు మూడు ఆటలాడుండ్రి. గెలిచినోళ్లే వస్తరు. ఫికర్ చెయ్యకు."

శనివారం వీణ చినిగిన తొడుగులు తెచ్చింది. "రేపటికి కొత్తయి కుట్టవా? నువ్వు కుట్టినయైతెనే నాకు ధైర్యం."

స్వరూప గుడ్డ కత్తిరించింది. మిషనుకు లావు దారం ఎక్కించి, కుట్టు మెత్తటి వైపుకు వచ్చేలా తిప్పి కుట్టింది. తను కుట్టినవాటిలో అంత నీటుగా వచ్చినవి తక్కువ.

ఆదివారం పూజిత వాళ్ల దుకాణం పైగదిలో ఆడారు. మొదటి ఆట స్వరూపదే. వీణ వేలు ఆగి ఆగి కదిలింది. ఆట అయ్యాక వీణ తొడుగు తీసి, లోపలి వైపు కుట్టును తడిమి చూసింది. స్వరూప తల వంచుకుంది. వీణ కాసేపు ఆలోచించి, దాన్నే మళ్లీ అలాగే తొడుక్కుంది.

రెండో ఆటలో కంగారు పడినప్పుడల్లా వీణ వేలు ఆ కుట్టు దగ్గర నెమ్మదించింది. గురి కాళ్లకు జారలేదు, ఛాతీ మీదే నిలిచింది. మూడో ఆటా ఆమెదే.

ఇంటికొచ్చే దారిలో వీణ స్వరూప చెయ్యి పట్టుకుంది.

"నేను ఎక్కువ గుంజుతనని ఎప్పుడు చూసినవ్? నోటితోని చెప్తె చిన్నబుచ్చుకుంటనని గిట్ల కుట్టిచ్చినవ్ గదా. ముందు నాకు సమజ్ కాలె."

"కుట్టు అటు తిరిగింది, గంతే," అంది స్వరూప.

"ఊకో. నీ కుట్టు తిరుగుతదా?"

వదిన తిట్టి ఉంటే బాగుండుననిపించింది స్వరూపకు. తిడితే ఏదో ఒకటి అనొచ్చు. ఇంటికెళ్లాక వీణ అత్తకు చెప్పింది, నగేష్‌కు చెప్పింది. మాణిక్యమ్మ కూతురి తల నిమిరింది. తన ఓర్వలేనితనాన్ని కూడా వదినే తొడుక్కుని గెలిచిందనుకుంటూ స్వరూప ఆ రోజు కంచం ముందు నుంచి సగంలోనే లేచింది.

ఇప్పుడు జట్టులో ముందు దూరేది వీణ. స్వరూప అదనపు మనిషి, ఎవరికైనా వీలుకాకపోతే ఆడుతుంది. పొద్దున్నే గోడను కాల్చడం మానలేదు. వదిన తొడుగులు ఇప్పటికీ ఆమే కుడుతుంది, లావు దారంతో, కుట్టు లోపలి వైపుకు పెట్టి.