నీళ్ళ వెంట నడిచిన పంగ

దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొచ్చేది. పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసినవాణ్ణి. చచ్చిన గొడ్డును డాక్టరు కోసి చూస్తుంటే పక్కన నిలబడి పేగులు పట్టుకున్న చేతులివి. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం చూడండని గొడవపడేవాణ్ణి. మా అవ్వ నన్ను మొండిఘటం అనేది. ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవరినీ బతిమాలను. పట్టపగలు, నా కళ్ళతో చూసింది కాబట్టి చూసినట్టు రాస్తున్నాను.

ఎనభైల చివరి సంవత్సరాలవి. ఉద్యోగం కొల్లాపూర్‌లో. కింద శ్రీశైలం దగ్గర ఆనకట్ట లేచాక కృష్ణ నీళ్ళు వెనక్కి తన్ని మా దిక్కు చేలెన్నో మునిగాయి. అవతలి గట్టు కనపడీ కనపడనంత నీరు. సముద్రం చూడని మాకు అదే సముద్రం.

సెలవు దొరికితే గాలం వేయడానికి ఒడ్డుకు పోయేవాళ్ళం. మేమంటే నేను, మా అక్క భర్త, దర్జీ పని చేసే ఖాజా. బావ బావుల మీది కరెంటు మోటార్లు కాలిపోతే వైండింగు కట్టేవాడు. నలుగురిలో ఉన్నా అంతంతమాత్రమే పెదవి విప్పే మనిషి. గాలం దగ్గర కూర్చుంటే ఆ మాత్రం కూడా విప్పేవాడు కాదు. మా అక్కది వాగే నోరు. దేవుడు ఇద్దరికీ కలిపి సరిపడా మాటలిచ్చాడని ఖాజా ఎగతాళి చేసేవాడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మాకు చేపల కాలం మొదలయ్యేది అప్పుడే. నీళ్ళు పైపైన వేడెక్కుతాయి. నల్లమల దిక్కు నుంచి దక్షిణపు గాలి తిరుగుతుంది. ఆ గాలికి అలలు నేరుగా మా ఒడ్డుకు కొట్టి మట్టిని కలియబెడతాయి. ఆ బురద నీళ్ళలో మేతకు బొచ్చెలు, జెల్లలు అంచు దాకా వస్తాయి. గాలి మొహానికి కొట్టిన రోజు కూర ఉంటుంది, వీపుకు కొట్టిన రోజు పప్పే అనేవాళ్ళం. నీళ్ళు అద్దంలా నిలబడితే గాలం విప్పడం కూడా దండగ.

ఆ కాలంలో ఇంకొకటి ఉంది. ఆనకట్ట నుంచి నీళ్ళు వదులుతుంటారు కాబట్టి అంచు రోజురోజుకూ కిందికి జారుతుంది. గాలం కర్రను ఆనించడానికి పంగ పాతుతాం. పంగంటే రెండుగా చీలిన కొమ్మ, నడుమెత్తుంటుంది. నిన్న అంచున పాతిన పంగ ఇవాళ ఎండిన మట్టిలో నిలబడి ఉంటుంది. వచ్చినవాడు తన పంగ పీకి కొత్త అంచున పాతుకోవాలి. వెదురు కర్రలు పొదల్లో దాచేవాళ్ళం, అవి ఎవరికి ఏది దొరికితే అది. పంగలు మాత్రం ఎవరివి వాళ్ళవే. పక్కవాడి పంగను ఎవరూ ముట్టరు. అది నీళ్ళకు ఎంత దూరంలో ఉందో చూసి, ఫలానావాడు వారం నుంచి రావడం లేదు, ఒంట్లో బాగుందో లేదో అనుకునేవాళ్ళం.

బావ పంగ చింతకొమ్మది. కర్ర జారకుండా దాని మెడకు రాగితీగ చుట్టాడు. మోటారుకు చుట్టినంత పొందికగా, పోగు పక్కన పోగు. ఆ చుట్టు ఇంకెవరికీ రాదు.

ఆ ఏడు మాఘమాసంలో, చలి ఇంకా పోకముందే, బావ కనపడకుండా పోయాడు.

పొద్దున అక్కతో ఏదో మాటామాటా అనుకున్నాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని సైకిలెక్కి వెళ్ళాడు. ఆ రాత్రి రాలేదు. మర్నాడు సైకిలు బస్టాండు గోడకు ఆనించి దొరికింది. వెనక టైరులో గాలి లేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సైకిలు బస్టాండులో ఉందంటే మనిషి బస్సెక్కాడనే ఊరంతా తేల్చేసింది. పాలమూరు మనుషులు చెప్పకుండా బొంబాయి పోవడం కొత్త కాదు కదా.

పోలీసులకు చెప్పాం. నేను హైదరాబాదు పోయి తెలిసినవాళ్ళందరినీ అడిగి వచ్చాను. ఒడ్డుకు కూడా పోయి చూశాం. అందరి పంగలతో పాటు ఆయన పంగా ఉంది. నీళ్ళ మీద ఏమీ లేదు. గాలాలూ దారమూ ఆయన ఆ పనిముట్ల సంచిలోనే పెట్టుకునేవాడు, కాబట్టి పనికి పోయాడో చేపలకు పోయాడో ఇంట్లో చూసి చెప్పలేం.

తర్వాత పుకార్లు మొదలయ్యాయి. బొంబాయిలో ఇంకో సంసారం ఉందన్నారు. అక్క వాళ్ళ అత్త మాత్రం ఒకే మాట మీద నిలబడింది. నీ నోటికి జడిసే నా కొడుకు పోయాడని. అక్క నోరు ఆ రోజుతో మూతపడింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నోముకు పిలవాలా వద్దా అని తమలో తాము గుసగుసలాడుకునేవాళ్ళు. ఆఖరికి పిలవడం మానేశారు. పొద్దున్నే అద్దం ముందు కుంకుమ భరిణె పట్టుకుని అక్క ఎంతసేపు కూర్చునేదో నేను చూశాను. ఒకనాడు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఉన్నడంటే ఉన్నడను, లేడంటే లేడను తమ్మీ. నన్ను గిట్ల నడిమిట్ల నిలబెట్టకుర్రి."

తోడబుట్టినదానికి అంత చిన్న మాట చెప్పలేకపోయానే అని చాలా ఏడ్చాను.

శివరాత్రి వెళ్ళాక ఒక ఆదివారం ఖాజా నన్ను బలవంతాన ఒడ్డుకు తీసుకుపోయాడు. దక్షిణపు గాలి అందుకుంది. అలలు ఒడ్డును దంచుతున్నాయి. మేం రాని ఆ రోజుల్లో అంచు చాలా కిందికి పోయింది. నా పంగ, ఖాజా పంగ దూరంగా పైన ఎండిన మట్టిలో ఉన్నాయి. బావ పంగ మాత్రం నీళ్ళ అంచున ఉంది. అలలు దాని పాదాన్ని తడుపుతున్నాయి.

బావ వచ్చాడు అనుకున్నాను. ఇద్దరం ఒడ్డు పొడుగునా తిరిగి కనపడ్డ ప్రతి జాలరినీ అడిగాం. ఎవరూ ఆయన్ని చూడలేదు. పంగను తాము ముట్టలేదని అందరూ చెప్పారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎవడో మా దుఃఖంతో ఆడుకుంటున్నాడనుకున్నాను. ముట్టకూడదన్న కట్టుబాటు పక్కనబెట్టి బావ పంగను పీకి, పైన నా పంగ పక్కనే మట్టిలో దిగేసి వచ్చాను. మర్నాడు డ్యూటీకి ముందే ఇద్దరం పోయి చూస్తే అది మళ్ళీ అంచున ఉంది. నేను పాతిన చోట దాని బెజ్జం మాత్రం మిగిలింది.

ఖాజా మీద అనుమానం వచ్చింది, నిజం చెప్పొద్దూ. అడిగేశాను. వాడు నొచ్చుకున్నాడు.

"నేను ముట్టలే భాయ్. నా పిల్లల మీద ఒట్టు. నువ్వు జర కిందికి చూడు."

కింద చూశాను. నీళ్ళు అప్పుడే వదిలిన మట్టి వెన్నలా మెత్తగా ఉంది. కొంగ నడిచిన గీతలు కూడా అచ్చుపడ్డాయి. మా ఇద్దరి అడుగులు చీలమండ దాకా దిగబడ్డాయి. పంగ చుట్టూ ఇంకే మనిషి అడుగూ లేదు. పై నుంచి అంచు దాకా బెజ్జాలు మాత్రం ఉన్నాయి. పైవి ఎండి పగుళ్ళిచ్చాయి, కిందివి ఇంకా తడిగా ఉన్నాయి. రోజూ నీళ్ళు జారినంత మేర అదీ జరిగిందన్నమాట.

వారం పాటు వీలైన ప్రతి పొద్దునా పోయి చూశాను. ప్రతిసారీ అంతే. ఒక రాత్రి కాపలా ఉందామని ఖాజాతో అన్నాను. వాడు ఒప్పుకోలేదు. మనం చూడాల్సింది కాదు, చూడాల్సిన మనిషి ఇంట్లో కూర్చుంది, ఆమెకు చెప్పు అన్నాడు. నాకది ఇష్టం లేదు. లేనిపోని ఆశ పెట్టినట్టవుతుందని భయం. కానీ ఆమెకు సంబంధించిన సంగతి ఆమె దగ్గర దాచడానికి నేనెవర్ని? చెప్పాను. అక్క చీర కొంగు బిగించి చెప్పులేసుకుంది.

ఆ రోజు గాలి ఇంకా ఎక్కువగా ఉంది. మొహానికి కొడుతోంది. ముగ్గురం మట్టి దిగేసరికి పంగ అంచున లేదు. ఎవడో ఆడుతున్న ఆట ముగిసిందనుకున్నాను. అక్కే ముందు చూసింది. ఎప్పుడూ నీళ్ళ అంచుకే ఆగే పంగ ఆ రోజు నీళ్ళలో ఉంది. ఒడ్డుకు దూరంగా, అలలు దాని తలమీదుగా పోతున్నాయి. అల దిగినప్పుడల్లా రాగితీగ మెరుస్తోంది.

అక్క చెప్పులు విడిచి నీళ్ళ అంచు దాకా పోయింది.

"నీళ్ళల్ల ఎవ్వరన్న పంగ పెడ్తరా తమ్మీ?"

"పెట్టరక్కా."

"మరి ఆయినె పెట్టిండు. ఆడ చూడుర్రి."

ప్యాంటు మడిచి దిగాను. అడుగు అడుగునా బురద. నడుము దగ్గరికి నీళ్ళు వచ్చేసరికి పంగ చేతికి అందింది. పీకుదామంటే రాలేదు. రాళ్ళ సందులో దిగగొట్టినట్టు బిగుసుకుంది. ఇంకో అడుగు ముందుకు వేయబోతే కాలికింద నేల లేదు. పంగ పట్టుకుని ఉన్నాను కాబట్టి వెనక్కి పడ్డాను. లేకపోతే ఈ రాత ఉండేది కాదు.

అది మునిగిన చేను మధ్య వ్యవసాయ బావి. రాళ్ళతో కట్టిన దాని అంచు మీద నిలబడి ఉంది పంగ.

ఖాజా కేకేస్తే పుట్టి వేసుకుని ఇద్దరు జాలర్లు వచ్చారు. పొడుగాటి గడలకు కొక్కేలు కట్టి వెదికారు. బావిలో పాత మోటారు పైపుకు సంచి పట్టె చిక్కుకుని ఉంది. సంచిలో పానాలు, సుత్తె, రాగితీగ ఉండ. ఆ బరువుతోనే బావ అక్కడ ఉన్నాడు.

పోలీసులు రాసుకున్నారు. తర్వాత మాకూ అంచనా దొరికింది. సైకిలు పంచరై ఉంటుంది. దాన్ని బస్టాండులో వదిలి ఏ ట్రాక్టరో ఎక్కి ఒడ్డుకు వచ్చి ఉంటాడు. గాలం బావి రాళ్ళకు తట్టుకుంటే విడిపించడానికి సంచి భుజానే ఉంచుకుని దిగి ఉంటాడు, అప్పటికి అక్కడ నీళ్ళు ఇంకా లోతు. గాలం తట్టుకుంటే నీళ్ళలోకి దిగడం మా అందరికీ అలవాటే. ఎన్నో బావుల్లోకి దిగి మోటార్లు బాగుచేసినవాడు, ఒక బావి ఉందని తెలియక పోయాడు.

ఆ సాయంత్రం అక్క బొట్టు తనే తుడుచుకుంది. ఇంకెవరినీ చేయనివ్వలేదు. అత్త కాళ్ళ దగ్గర కూర్చుని, నీ కొడుకు నన్నిడిచి పోలేదు అత్తా అని మాత్రం చెప్పింది. ముసలామె అక్క తలను ఒళ్ళోకి తీసుకుంది. అత్త ఏడ్చింది కానీ అక్క కంట చుక్క రాలేదు. నాకు భయమేసింది.

దినాలు అయ్యేదాకా అక్క రోజూ నన్ను ఒడ్డుకు పంపేది. వచ్చాక ఒకటే అడిగేది.

"పంగ ఇయ్యాల జరిగిందా?"

"లేదక్కా. ఆడనే ఉంది."

దినాలయిన మర్నాడు నీళ్ళు బావి అంచును కూడా వదిలి కిందికి పోయాయి. పంగ ఎండ తగిలే రాళ్ళ మధ్య నిలబడిపోయింది. నీళ్ళు దాన్ని వదిలి దూరం జరిగినా అది వెంట పోలేదు. రాని మనిషి పంగ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. వచ్చి చెప్పాను. అప్పుడు ఏడ్చింది మా అక్క, వాకిట్లో కూలబడి, వాడకట్టంతా వినేలా.

ఎవరో జరిపారనే ఇప్పటికీ అనుకోవాలని చూస్తాను. మట్టిలో అడుగు పడకుండా నడిచేదెవరు? నడుము లోతు నీళ్ళలో, బావి ఉందని తెలిసి, సరిగ్గా దాని అంచున పంగను దిగగొట్టేదెవరు? తెలిసినవాడైతే నోటితో చెప్పకుండా ఇంత పని ఎందుకు చేస్తాడు? ఖాజా చనిపోయేముందు కూడా అడిగాను. నవ్వి, అదే ఒట్టు మళ్ళీ పెట్టాడు. నాకు తెలిసిన లెక్కల్లో ఇది ఎక్కడా కుదరలేదు.

ఆ పంగను మేం పీకలేదు. వానాకాలం నీళ్ళు వచ్చి ముంచేశాయి, మళ్ళీ కనపడలేదు.

గాలం వేయడం నేను మానలేదు. అక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. చలి పోయి దక్షిణపు గాలి తిరిగిన రోజుల్లో నేను ఒడ్డు నుంచి వస్తే గుమ్మంలోనే ఎదురవుతుంది. చేపల సంచి వైపు చూడదు.

"నీ పంగ తెచ్చుకున్నవా?"

"తెచ్చిన అక్కా."

నా చేతిలోంచి తీసుకుని, తలుపు వెనక ఆనించి, అప్పుడు కత్తిపీట వాల్చుకుంటుంది.