రత్నమ్మ మేడమ్, తేలిక బాణాలు

కార్బన్ బాణాన్ని కొలతకు కోసేటప్పుడు మాడిన జిగురులాంటి వాసన వస్తుంది. ఈ ఉదయం నాగలమడికలో, మేము సాధన చేసే బయలు పక్కనున్న రేకుల గదిలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని పిల్లల కోసం కొత్త బాణాలు కోస్తుంటే ఆ వాసన గుడ్డలోంచి కూడా తగిలింది. రత్నమ్మ మేడమ్ గుర్తొచ్చారు. నా చేతికి మొదటిసారి విల్లు ఇచ్చింది ఆమే. అంతకుముందు మా వైపు ఒక ఆడపిల్ల విల్లు పట్టుకోవడం నేను చూసి ఎరగను.

ఆమె మా హైస్కూల్లో ఆటల టీచరు. సొంతూరు తిరుమణి. వాళ్ల చేను సోలార్ పార్కుకు కౌలుకు పోయిన ఏడాది ఆ ఊళ్లో కొందరు బైకులు కొన్నారు, కొందరు మిద్దెలు వేశారు. మేడమ్ కాంపౌండ్ విల్లు కొన్నారు. రెండు కొనల్లో చక్రాలుండి, తీగ పూర్తిగా లాగాక బరువంతా చేతిమీద పడకుండా కాచే విల్లు అది. యాభై దాటిన వయసులో ఒక శిక్షణ శిబిరానికి వెళ్లి, తనకంటే చిన్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నారు. ఆ పొడవాటి పెట్టెతో పావగడ బస్సెక్కితే కండక్టరు, "ఏంది మేడమ్, వీణా?" అని అడిగాడట. "అవునప్పా. దూరంగా నిలబడి వినాల," అన్నారట.

నన్ను ఆమె ఎంచుకున్నది బలం చూసి కాదు. మా నాన్న గొర్రెలు కాసేవాడు, అమ్మ సోలార్ పలకల కింద గడ్డి కోసే పనికి పోయేది, నేను జొన్నకర్రలా ఉండేదాన్ని. ప్రార్థన సమయంలో అందరూ కాళ్లు మారుస్తుంటే నేను కదలకుండా నిలబడటం ఆమె గమనించారు. "ఈ పాప కొంగ మాదిరి నిలబడతాది," అని తీసుకుపోయారు. అప్పుడు మాకున్నవి ఎవరో వాడి ఇచ్చిన లావుపాటి అల్యూమినియం బాణాలు. యాభై మీటర్ల దూరంలో గురి. నేను లాగగలిగిన కాస్త బలానికి అవి సగం దారిలోనే కిందికి వాలేవి. ఒక సాయంత్రం విల్లు కింద పెట్టేసి, నాకు బలం చాలదన్నాను.

"బలానికేముంది, తింటే వస్తాది," అన్నారామె. "నీ చేతికి మించిన బాణం ఇచ్చినాము. తప్పు బాణానిది కాదు, నీదీ కాదు."

ఆ తర్వాత బెంగళూరు నుంచి కొన్ని రకాల కార్బన్ బాణాలు తెప్పించారు. ఎండిన పినాకిని ఏటి ఇసుకలో, వెనక గట్టు అడ్డుగా ఉన్నచోట, ఒక్కో రకాన్నీ నాచేత వేయించారు. అన్నిటికంటే తేలికవి మాత్రం ముట్టుకోనివ్వలేదు. "మరీ పుల్ల మాదిరిదైతే తీగ దెబ్బంతా విల్లే తినాల. విల్లు పగుల్తాది." మిగిలినవాటిలో తేలికవి పొద్దున సూటిగా పోయి ఒకేచోట గుచ్చుకునేవి. మధ్యాహ్నం గాలి లేస్తే పక్కకు జరిగేవి. "ఎంత నెడతాంది? నిన్న కూడా ఇంతే నెట్టిందా? అది చూసుకో," అనేవారు తప్ప ఏది మంచిదో చెప్పేవారు కాదు. నాకు కోపం వచ్చేది. ప్రతి బాణాన్నీ వేసేముందు చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచి చూడమనేవారు. ఒకసారి నాకెంతో ఇష్టమైన బాణం చిన్నగా చిటుక్కుమంది, లోపల చీలిందన్నమాట. ఒక్కసారి వేస్తానని బతిమాలాను. ఆమె దాన్ని తువ్వాలులో చుట్టి విరిచేశారు. "బాణం పోతే ఇంగోటి వస్తాది. చీలిక దిగబడితే చెయ్యి వస్తాదా?"

రాష్ట్ర జట్టు ఎంపికకు తుమకూరు వెళ్లాం. ఆ రోజు దుమ్ము లేపే గాలి. అక్కడి పెద్ద కోచ్ ఒకాయన నా బాణాలు చూసి, ఈ గాలికి ఇవి నిలవవని కన్నడలో చెప్పి, మంచి మనసుతో బరువైనవి తెచ్చిచ్చారు. మిగతావాళ్లందరివీ అలాంటివే. మేడమ్ రెండు రకాలనూ తువ్వాలు మీద పక్కపక్కన పెట్టారు.

"ఏవి వేయాల మేడమ్?"

"విల్లు నీ చేతిలో ఉండాది. నన్నెందుకు అడుగుతావు?"

ఆమె ముఖంలో ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. ఆమె నీళ్ల సీసా మూత తీస్తున్నారు. నేను తేలికవే తీసుకున్నాను. మొదటి బాణాలు నీలం వలయంలోకి కొట్టుకుపోయాయి, వెనక ఎవరో నవ్వారు. కానీ ఆ గాలి నాకు కొత్త కాదు, పినాకిని ఇసుకలో దాని తోపుడు ఎంతో తెలుసు. గురిని ఎడమకు జరిపాను. ఆపైన నడుమనున్న పసుపులోనే పడుతూ వచ్చాయి. జట్టులో చివరి పేరు నాది. చివరిదే, అయినా ఉంది.

ఆ పెద్దాయన నిండుమనసుతో వచ్చి, బాణాలు బాగా ఎంచారని మేడమ్‌ను మెచ్చుకున్నారు. "నేను కాదు సార్. ఈ పాపే ఎంచుకునింది. నేను మోసుకొచ్చినాను, అంతే," అన్నారామె. బస్సులో మాత్రం పావగడ దాకా నా చెయ్యి వదల్లేదు.

మేడమ్ ఇప్పుడు రిటైరై తిరుమణిలోనే ఉన్నారు. భుజం నొప్పితో విల్లు ఎత్తలేరు. నేను పిల్లలకు నేర్పుతున్నాను. ఈ ఉదయం కోసిన బాణాల్లోంచి అరసికెరె నుంచి వచ్చే చైత్ర, నేనైతే తీసుకోని రకం తీసుకుంది. "ఇవి సరేనా అక్కా?" అంది. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "వేసి చూడు," అని పక్కకు జరిగి, బాణం వేసే గీతను ఆమెకు వదిలిపెట్టాను.