గొడ్డుబర్రె ఈనిన ఏడు

కిందటి నెలలో ఒకరోజు పొద్దున్నే, కామారెడ్డిలో మా పక్కింటావిడ తలుపు కొట్టింది. ఎప్పుడూ కరివేపాకు కోసమో, నల్లా వచ్చిందా అని అడగడానికో వచ్చే మనిషి, ఆ రోజు చేతులు కట్టుకుని గడప బయటే నిలబడింది. మూడో తరగతి చదివే నా మనవరాలు మాచారెడ్డిలో వాళ్ల అమ్మమ్మ ఇంటికి పోయినప్పుడు మేక ఈనడం చూసిందట. తిరిగొచ్చి మెట్ల మీద కూర్చుని ఆవిడ పిల్లలిద్దరికీ పూసగుచ్చినట్టు చెప్పిందట. ఆ పిల్లలు పోయి, మేము కూడా అట్లనే వచ్చినమా అని తల్లిని అడిగారట. "ఆడపిల్లకు గివ్వేం ముచ్చట్లు నేర్పుతున్నరు? మంచిగనే పెంచుతున్నరు," అంది. మేకకు మేమేమీ నేర్పలేదమ్మా, దానికే వచ్చు అన్నాను. ఆవిడకు నవ్వు రాలేదు. అప్పటి నుంచి కరివేపాకు కూడా అడగడం లేదు. తలుపు వేసుకుని లోపలికి వచ్చాక తట్టింది, ఆవిడ బిగించిన పెదవులు నాకు కొత్త కావని. అచ్చం మా మేనత్తవి.

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. ఇంటి వెనక కొట్టం, కొట్టంలో ఎడ్లు, బర్రెలు, ఓ మూలకు మేకలు, అన్నిటి కాళ్ల మధ్యా కోళ్లు. ఇన్ని జీవాల మధ్య పెరిగే పిల్లలకు ఏం తెలియకుండా ఉంటుంది? కానీ తెలియకుండా చేయడమే మా మేనత్త పని. ఆమె బాపుకు చెల్లెలు. భిక్నూర్ వైపు ఇచ్చారు. ఎన్నేళ్లయినా కడుపు పండలేదని అత్తగారు పుట్టింటికి పంపేసి, కొడుక్కి మళ్లీ పెండ్లి చేసింది. అట్లా మా ఇంటికి వచ్చిన అత్త, వచ్చిన రోజు నుంచి ఇంట్లో అందరితోనూ కయ్యానికే ఉండేది. అమ్మ వండిన కూరతో కయ్యం, బాపు తాగే చుట్టతో కయ్యం, మాతో అయితే చెప్పనక్కరలేదు. మేకపోతు మేక వెంట పడితే చాలు, చీపురు పట్టుకుని మమ్మల్ని అటు నుంచి తరిమేది. ఏం చేస్తున్నాయని తమ్ముడు అడిగితే, కొట్లాడుకుంటున్నాయని చెప్పేది. పుంజూ పెట్టా కొట్లాటే, ఆవూ కోడే కొట్లాటే. మగదీ ఆడదీ ఒకచోట చేరితే కొట్లాటే కాబట్టి, పెండ్లన్నా కొట్లాటేనని నేనూ తమ్ముడూ చాలాకాలం నమ్మాము. మా ఇంటిని చూస్తే నమ్మకపోవడానికి కారణం కూడా కనిపించలేదు. ఇక బర్రె ఈనే వేళకు కొట్టం తలుపు గొళ్లెం పెట్టించి, తాను వంటింట్లోకి పోయి కూర్చునేది. తలుపు సందులోంచి తొంగిచూస్తే వీపు మీద దెబ్బ పడేది. లోపల బాపు గొంతు, బర్రె మూలుగు, తడి గడ్డి వాసన. తలుపు తీసేసరికి తల్లి పక్కన వణుకుతూ నిలబడ్డ దుడ్డె. కాలువలో కొట్టుకొచ్చింది అనేది అత్త.

నాకు ఆమె అంటే పడేది కాదు. ఆమెకు నేనంటే అంతకంటే పడేది కాదు. అయితే ఊళ్లో ఆమెను చూసి భయపడేవాళ్లు. కారణం ఆమె శాపం. ఆమె మొగుడి రెండో పెండ్లానికి కూడా పిల్లలు పుట్టలేదు. మొదటి పెండ్లాం మట్టి ఎత్తిపోసి శపించిందనీ, అందుకే ఆ ఇంట్లో తొట్టెల కట్టలేదనీ అత్తగారు వాడంతా చెప్పింది. ఆ మాట మా ఊరికి చేరినప్పుడు అత్త బాధపడలేదు. తల పైకెత్తి నడిచింది. తాను గొడ్రాలినని ఆమె నమ్మింది. తన శాపం పని చేసిందనీ నమ్మింది. ఒకటి ఆమె సిగ్గు, ఇంకొకటి ఆమె పొగరు. రెండింటినీ పక్కపక్కనే పెట్టుకుని బతికింది.

అప్పుడు మా దగ్గర ఒక నల్లటి బర్రె ఉండేది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న జీవం. ఎన్నిసార్లు ఊరి దున్న దగ్గరికి తోలుకుపోయినా చూడి కట్టలేదు. దాని మీద అత్తకు ఎక్కడలేని కోపం. మిగతా వాటికి పచ్చి గడ్డి వేసి, దాని ముందు ఎండు చొప్ప విసిరేది. "తిని పండుకునుడే గాని నీతోని ఏమైతది," అని దాన్ని తిట్టే తిట్లు వింటుంటే, అవి బర్రెకేనా అని అమ్మ నా వైపు చూసేది. చివరికి బాపు దాన్ని అంగట్లో కసాయికి అమ్మేద్దామనుకున్నాడు. అమ్మే ముందు ఒకసారి చూపిద్దామని అమ్మ పట్టుబడితే, ఎల్లారెడ్డి పశువుల దవాఖాన నుంచి కాంపౌండర్‌ను పిలిపించాడు. ఆయన చెయ్యి పెట్టి చూసి, బర్రెలో ఏ ఖరాబూ లేదన్నాడు. ఈ ఊళ్లో ఇంకెవరి బర్రెలు కట్టలేదని అడిగాడు. బాపు తలచుకుని చెబితే, అన్నీ పాత దున్న చచ్చాక తెచ్చిన ఈ దున్న దగ్గరికి పోయినవే. "విత్తనం పుచ్చిందైతే భూమినంటే ఎట్ల పటేలా? ఖరాబు దున్నల ఉన్నది," అన్నాడు కాంపౌండర్. ఆ రోజు అత్త మమ్మల్ని తరమడం మరిచిపోయింది. బర్రె ఎదకు వచ్చాక ఆయనే మళ్లీ వచ్చి వేరే దున్న విత్తనాన్ని సూదితో వేసి పోయాడు. కొన్ని నెలలకు చెయ్యి పెట్టి చూసి, కట్టింది అన్నాడు.

ఆ మధ్యాహ్నం అందరం అన్నానికి కూర్చున్నాం. నాకు పదేళ్లుంటాయేమో. బుర్రలో ఏదో లెక్క నడుస్తోంది. అది నోట్లోంచి వచ్చేసింది. "బాపూ, మామకు రెండో పెండ్లాం వచ్చినా పిల్లలు కాలేదు గదా. అంటే అత్తల ఖరాబు లేదు గదా?" అన్నాను. అత్త ఎంగిలి చేతితోనే నా చెంప మీద కొట్టింది. చెవిలో మెతుకులు ఇరుక్కున్నాయి. తర్వాత కంచం తోసేసి లేచిపోయింది. ఎందుకు కొట్టిందో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. ఒక్క మాటతో ఆమె సిగ్గును తీసేశాననుకున్నాను. దానితోపాటు ఆమె శాపాన్ని కూడా తీసేశాను. చేతిలో ఉన్న ఆ ఒక్క ఆయుధమూ ఉత్తదే అయింది.

నల్లబర్రె ఈనే రోజు పట్టపగలు. నేనూ తమ్ముడూ అలవాటుగా తలుపు సందు దగ్గరికి చేరాం. అత్త వచ్చి గొళ్లెం తీసింది. "చూస్తే చూడుండ్రి. చప్పుడు చెయ్యకుండ్రి," అంది, ఎప్పటి కటువు గొంతుతోనే. మా వెనకే తానూ లోపలికి వచ్చింది. అమ్మ ఆమెను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. ముందు తెల్లటి రెండు గిట్టలు కనిపించాయి, వాటి మీద ఆనించి పెట్టినట్టు మూతి. బాపు పట్టుకుని మెల్లగా లాగితే దుడ్డె మొత్తం జారి గడ్డి మీద పడింది. తల్లి తిరిగి నాకడం మొదలుపెట్టింది. అత్త నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆమె కూడా మాలాగే మొదటిసారి చూస్తోందని నాకు తర్వాత అమ్మ చెప్పింది. చిన్నప్పుడు ఆడపిల్లవని రానివ్వలేదట, తర్వాత గొడ్రాలి ఎదుట జీవం ఈనకూడదని అందరూ అనేవారట. వంటింట్లో కూర్చోవడం ఆమె ఇష్టం కాదు, ఆమెకు పెట్టిన ఆంక్ష. తనకు పెట్టిన ఆంక్షనే ఆమె మాకూ పెట్టింది.

ఆ ఎండాకాలమే కామారెడ్డిలో చుట్టాల పెండ్లి. భిక్నూర్ వాళ్లూ వచ్చారు. పెండ్లి తంతుకు పోలు కుండలు తీసుకుపోయే ఆడవాళ్లలో మా అత్త ముందు నిలబడి ఉంటే, ఆమె అత్తగారు అందరూ వినేటట్టు, గొడ్రాలిని ముందర నిలబెట్టారేమిటని అడిగింది. అత్త కదల్లేదు. గొంతు కూడా పెంచలేదు.

"మా బర్రెను గూడ గొడ్డుదన్నరు. దున్నను మారిస్తే ఈనింది. మీరు ఇద్దరు ఆడోళ్లను మార్చి చూసిండ్రు. ఇగ మార్చేది ఏం మిగిలిందో నువ్వే చెప్పు."

ఎవరో ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు అక్కడి నుంచి మొదలై పందిరి దాటి వంటల దాకా పోయింది. భిక్నూర్ వాళ్లు తినకుండానే బండి కట్టుకుని పోయారు. పరువు తీశావని బాపు ఇంటికి వచ్చాక గట్టిగా అరిచాడు. మా ఇంటికీ భిక్నూర్ వాళ్లకూ మధ్య రాకపోకలు ఇప్పటికీ లేవు. అత్త ఆ తర్వాత మారిందని చెప్పాలని ఉంది గానీ, మారలేదు. అమ్మతో కయ్యం మానలేదు. నాతో ఒక మంచి మాట మాట్లాడిన గుర్తు లేదు. ఆ చెంపదెబ్బ గురించి ఎప్పుడూ ఎత్తలేదు. మా ఊళ్లో బర్రె ఈనితే మాత్రం, పిలిచినా పిలవకపోయినా పోయి ముందు నిలబడేది. చచ్చిపోయేదాకా అంతే.

ఆ పెండ్లినాడు ఆమె నా కళ్లకు ముసలిది. నిజానికి ముప్పై దాటి ఎంతో కాలం అయి ఉండదు. మళ్లీ పెండ్లి చేద్దామని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు. నాకు ఇప్పుడు యాభై దాటాయి. ఆ పందిట్లో నిలబడ్డ మనిషి అక్కడే ఆగిపోయింది. ఏడాదికి ఏడాది ఆమె నాకంటే చిన్నదవుతోంది. ఇప్పుడు తలచుకుంటే నా కూతురి వయసు పిల్లలాగే కనిపిస్తోంది.