చిలకచేప దుప్పటి

చేపల ప్రదర్శనశాలలో ఆవిడని అందరూ అద్దాల పిన్ని అనేవారు. ఇప్పుడు పిన్ని లేదు. ఆ అద్దాలు ఎవరో తుడుస్తూనే ఉండి ఉంటారు.

అందరికంటే ముందు, లైట్లు కూడా వెలగకముందే వచ్చేది. నిచ్చెనెక్కి, పొడుగు కర్ర వలతో తొట్లలో చెత్త తీసేది. అద్దం మీద చిన్న మరకున్నా ఆవిడకి ముద్ద దిగేది కాదు.

"మా అక్క తొట్టిలోకి చేపైనా కాళ్ళు కడుక్కునే రావాలి," అని ఏడిపించేవాడు మేత పెట్టే అతను. వరసకి ఏమీ కాకపోయినా ఆవిడకి తమ్ముడే.

ఒక ఏడాది పగడాల తొట్టిలోకి చిలకచేప వచ్చింది. నీలం, ఆకుపచ్చ కలిసిన ఒళ్ళు, బుగ్గల మీద గులాబీ గీతలు. పళ్ళన్నీ అతుక్కుపోయి అచ్చం చిలక ముక్కే. పాచిని రాయితో సహా గీకి, కరకరా నమిలి, వెనకనుంచి తెల్లటి ఇసుక వదిలేది.

"రాళ్ళు కూడా అరిగించుకుంటోంది చూడక్కా! నా వంటకి ఇలాంటివాళ్ళు దొరకాలి."

కొన్నాళ్ళకి చేప వాడిపోయింది. రంగు వెలిసింది, మొప్పల దగ్గర పురుగులు పట్టాయి. మేనేజరు మేత పెట్టే అతన్ని నిలదీశాడు. పక్కనే ఉన్న పిన్ని అడక్కుండానే అందుకుంది.

"మేత మిగిలి కుళ్ళుతోంది సార్. పొద్దున్నే చూస్తే చేప చుట్టూ జిగురే. నేను తీసెయ్యబట్టి సరిపోయింది."

"నా మేత కుళ్ళడమేంటక్కా?" అని నవ్వబోయాడతను. ఆవిడ నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు.

పిన్ని మాటకి ఎదురులేదు. అతన్ని కింద గదిలో ఉప్పు బస్తాలు మోసే పనిలో వేశారు.

చేప మాత్రం కోలుకోలేదు. ఒకరోజు పెందలాడే చేపల డాక్టరు వచ్చాడు. అప్పుడే జిగురు తీసి, పిన్ని ఇంకా నిచ్చెన మీదే ఉంది.

"ఇది పడుకునేముందు నోట్లోంచి జిగురు ఊరించి చుట్టూ సంచి కట్టుకుంటుంది," అంటున్నాడు మేనేజరుతో. "మనకి దోమతెరలాగా. రాత్రంతా పురుగులు కుట్టకుండా కాపాడేది అదే. మరి ఇక్కడ కనిపించదేం? కట్టుకునే ఓపిక కూడా పోయిందా?"

పిన్ని చేతిలో వల. వలలోంచి ఆ జిగురే నిచ్చెన మెట్టు మీదికి సాగి కారుతోంది. చటుక్కున వలని వెనక్కి దాచేసింది.

రోజూ చీకట్లో నిద్రపోతున్న దాని దుప్పటి లాగి పారేసింది తను. పైగా ఆ నేరం తమ్ముడికి అంటగట్టింది. చేప సంగతి తెలియక చేసింది. వల దాచడం తెలిసే చేసింది. ఆ రోజంతా మెట్ల దాకా వెళ్ళడం, కింద బస్తాలు ఈడ్చే చప్పుడు విని వెనక్కి రావడం.

మర్నాడు తడి వలతోనే మేనేజరు గదిలోకి వెళ్ళి చెప్పేసింది. "పోనీలే పిన్నీ, ఎవరికి మాత్రం తెలుసు?" అన్నాడాయన. అతన్ని మళ్ళీ పైకి పిలిచారు.

అతను గొడవ పడలేదు. భుజం మీద ఉప్పు దులుపుకుంటూ ఒక్కటే అన్నాడు.

"సార్‌తో అనేముందు నన్నడగాల్సిందక్కా."

ఆ తర్వాత పిన్ని ఆ తొట్టి జోలికి లైట్లు వెలిగేదాకా వెళ్ళలేదు. చేప తనంతట తాను లేచి, సంచిలోంచి బయటికి ఈదేదాకా వల పట్టుకుని నిలబడేది. మెల్లగా దాని రంగు తిరిగొచ్చింది. అతను మేత డబ్బాతో వస్తే నిచ్చెన పక్కకి జరిపి దారిచ్చేది. అక్కా అని పిలిస్తే పలికేది. తలెత్తి మాత్రం చూడలేకపోయేది.