నల్లకారు మీద అలుకు చెయ్యి

పొద్దున మా ఎదురింటాయన కొత్తగా కొన్న నల్లకారుని భుజం మీది తువ్వాలుతో పొడిగానే గుండ్రంగా రుద్దుతుంటే, గుమ్మంలో కూర్చున్నదాన్ని ఉండబట్టలేక, ముందు నీళ్ళు పొయ్యి నాయనా, పొడిగుడ్డ పెట్టమాక, గీతలు పడతాయి అని కేకేశాను. "మామ్మగారూ, తమరు డ్రైవింగెప్పుడు నేర్చారండీ?" అని నవ్వి మళ్ళీ రుద్దడంలో పడ్డాడు. నాకు సంతకం తప్ప అక్షరం రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. కానీ ఆ గీతల సంగతి తిరువూరు మొత్తం మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాటిని గీసిందాన్ని నేనే.

మా ఆయన సొంత నల్లకారుని కిరాయికి తిప్పేవాడు. దాని తలుపులో చూసుకుని నేను బొట్టు దిద్దుకునేదాన్ని, అంత నునుపు. కడగాలంటే ఎండలో ముట్టుకునేవాడు కాదు. నీడకి తెచ్చి, రేకు చల్లారిందాకా బీడీ కాల్చుకుని, దుమ్ము దానంతటదే జారిపోయేలా ముందు బిందెలతో నీళ్ళు గుమ్మరించేవాడు. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోడానికి మంచినీళ్ళు. గుడ్డంటే నా పాత నూలుచీర ముక్కే, అంచూ కుట్టూ లేకుండా చింపింది. దాన్ని బరువెయ్యకుండా ముందు నుంచి వెనక్కి తిన్నగా లాగి, లాగినప్పుడల్లా జాడించేవాడు. గుడ్డ నేల మీద పడిందంటే ఇక కారుకి పనికిరాదు, వంటింట్లోకి విసిరేసేవాడు.

ఒకసారి సాయం పడదామని నేను గుడ్డ అందుకుంటే గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు. "ఇది మీ వినగడప ఇల్లు కాదే, అలకడానికి! దుమ్మంటే ఇసకే. నీ చేత్తో తిప్పి తిప్పి రుద్దావంటే ఎండలో సాలెగూడు కనపడుద్ది." నిజమే మరి, పెళ్ళయ్యేదాకా పుట్టింట్లో రోజూ పేడతో ఇల్లలికిన చెయ్యి, గుడ్డ దొరికితే చాలు అరచందమామలా తిరుగుతుంది. నాకన్నా అదే ఎక్కువైంది మీకు అని దెప్పితే, "నీకు గీతలు పడవుగా" అన్నాడు. మాటకి మాట అట్లా తగిలించేవాడు.

ఒక సాయంత్రం కారు కడిగి షెడ్డులో పెట్టి, తెల్లారేసరికి గుండె ఆగి చచ్చిపోయాడు. అమ్మేద్దామన్నారు, అబ్బాయి తిప్పుకుంటానన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆయన చెయ్యి చివరిగా పడిన వస్తువు అది, పడినట్టే ఉండాలని నా పంతం. పత్తి లారీలు తిరిగే రోడ్డు మాది, తెల్లారితే ఒక పొర దుమ్ము. నీళ్ళు పోస్తే ఆయన చెయ్యే కడుక్కుపోతుందేమోనని భయమేసి, టీ తాగడమే ఆలస్యం, ఆయన తువ్వాలే తీసుకుని పొడిగా, ఓపిగ్గా, ఏడాదిపాటు ఒక్క రోజు మానకుండా తుడిచాను. షెడ్డు నీడలో అది తళతళలాడుతుంటే, చూశారా, నేనూ నేర్చుకున్నానని ఆయనతో చెప్పుకునేదాన్ని.

సంవత్సరీకం నాడు చుట్టాలకి చోటు చాలక అబ్బాయి కారుని ఎండలోకి తీశాడు. ముందు రేకు నుంచి డిక్కీ దాకా ఒకటే సాలెగూడు, అరచందమామ మీద అరచందమామ, మా పుట్టింటి నేల అలికినట్టు. పాలిష్ పట్టే అతన్ని పిలిపిస్తే వేలితో తడిమి చూసి, గీతలు పోవాలంటే రంగు ఒక పొర అరగదీయాలమ్మా, ఇది ఇప్పటికే పల్చబడింది, ఇంకోసారి పడితే అడుగు రంగు బయటపడుద్ది అన్నాడు. పోతూ పోతూ, "ఎవరండీ, ఇంత ఓపిగ్గా పాడుచేసింది?" అని అడిగాడు. నేనే నాయనా, అన్నాను.

ఇప్పుడు దాన్ని ముట్టుకోను. కవరు కప్పినా గాలికి కొట్టుకుని దుమ్ముతో రాసుకుపోతుందని ఆ పాలిష్ అతనే అన్నాడు, అదీ కప్పలేదు. దుమ్ము పేరుకుంటోంది, పేరుకోనీ. ఆయన చెయ్యంటూ అక్కడేమీ మిగల్లేదు, ఉన్నదంతా నా చెయ్యే. ఈ చెయ్యి సంగతి నా ఈడు ఆడవాళ్ళకి చెబితే తెలుస్తుంది, ఇళ్ళల్లో నేలలన్నీ బండలైపోయి, అలికే నేల గజం కూడా లేదు. ఎదురింటాయన తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు, గీతలు కనపడ్డానికి ఎండ ఇంకా అటు తిరగలేదు. మళ్ళీ కేకెయ్యలేదు నేను. ఊరికే కూర్చున్నాను, చెయ్యి మాత్రం మోకాలి మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది.